పశువుల తొట్టిలో ఉన్నది ఎవరు?

డిసెంబరు మొదటి వారానికే మా బల్ల మీద సెమీ క్రిస్మస్ ఆహ్వాన పత్రికలు పేరుకుపోయాయి. దాదాపు ప్రతి పత్రికలోనూ ముఖ్య అతిథి పేరు పెద్ద అక్షరాల్లో, వాక్యం చెప్పే దైవజనుని పేరు చిన్న అక్షరాల్లో ఉంది. కేకు కోసే సమయం ఉంది, ప్రేమ విందు సమయం ఉంది. వాక్యానికి ఎంత సమయమో వెతుక్కోవలసి వచ్చింది. ఆ పత్రికల మధ్యనే ఒక వార్త కత్తిరింపు కూడా ఉంది. నవంబరు 28న టర్కీలోని ఇజ్నిక్ పట్టణంలో పోపు పద్నాలుగవ లియో, కాన్‌స్టాంటినోపుల్ పేట్రియార్కు బర్తొలొమయి, ఇతర సంఘాల ప్రతినిధులు ఒక సరస్సు ఒడ్డున నిలబడి విశ్వాస ప్రమాణాన్ని కలిసి పలికారు. వారి పక్కన ఉన్నవి పాత బసిలికా శిథిలాలు. ఎన్నో శతాబ్దాలు నీళ్ల కింద ఉండిపోయిన ఆ గోడలు 2014లో ఆకాశం నుంచి తీసిన ఫోటోల వల్ల వెలుగులోకి వచ్చాయి. సరస్సు నీరు తగ్గడంతో ఇప్పుడు ఒడ్డు నుంచే కనిపిస్తున్నాయి.

ఇజ్నిక్ పాత పేరు నైసియా. క్రీ.శ. 325లో అక్కడ సంఘ నాయకుల మహాసభ జరిగింది. ఈ ఏటితో దానికి 1700 సంవత్సరాలు నిండాయి. అందుకే ఆ ప్రార్థన.

వార్త చూసిన పాఠకుడొకరు ఫోన్ చేసి, "అయ్యగారూ, టర్కీలో ఎవరో పాత గోడల దగ్గర ప్రార్థన చేస్తే మనకేమిటి? మన సంఘాల్లో సమస్యలు లేవా?" అన్నారు. సమస్యలు లేవని ఎవరంటారు? స్థలాల తగాదాలున్నాయి, కమిటీ ఎన్నికలున్నాయి, కోర్టు కేసులున్నాయి. అయితే ఆ సరస్సు ఒడ్డున జరిగిన సభ ముఖ్యంగా ఒక ప్రశ్న మీద జరిగింది. బేత్లెహేములో పశువుల తొట్టిలో పడుకోబెట్టిన ఆ శిశువు ఎవరు? సెమీ క్రిస్మస్ చేసుకునే సంఘం ఆ ప్రశ్నను పక్కన పెట్టి ఏ ప్రశ్నకు జవాబు చెప్పగలదు?

సంగతి మొదలైంది ఐగుప్తులోని అలెగ్జాంద్రియలో. ఆరియస్ అనే సంఘ పెద్ద, చదువుకున్నవాడు, నిష్ఠగా బ్రతికేవాడు, మంచి వక్త. తండ్రి ఒక్కడే నిజమైన దేవుడనీ, కుమారుడు సృష్టి అంతటికంటే ముందు, అంతటికంటే గొప్పగా సృజించబడినవాడేగాని నిత్యుడు కాడనీ ఆయన బోధించాడు. వినడానికి ఇది భక్తిగానే ఉంటుంది. దేవుని ఏకత్వాన్ని కాపాడుతున్నట్టే ఉంటుంది. యేసును తిట్టినవాడు కాదు ఆరియస్, పొగిడినవాడు. అక్కడే ప్రమాదం. తన బోధను ఆయన గ్రంథాల్లోనే ఉంచలేదు. ఓడల మీద పనివారికి, తిరగలి విసిరేవారికి, దారి ప్రయాణికులకు సరిపడేలా పాటలు కట్టాడని పాత చరిత్రకారులు రాశారు. బిషప్పు అలెగ్జాండరు ప్రసంగాలు మందిరంలో ఉండిపోయాయి. ఆరియస్ పాటలు రేవుకూ బజారుకూ వెళ్లిపోయాయి.

కాన్‌స్టంటైన్ చక్రవర్తి సభను పిలిచాడు. సుమారు 300 మంది బిషప్పులు వచ్చారు. 318 అని సంఘ సంప్రదాయం. కొద్ది ఏళ్ల క్రితం వరకు సాగిన హింసల్లో దెబ్బలు తిన్నవారు వారిలో ఉన్నారు. ఐగుప్తు నుంచి వచ్చిన పఫ్నూషియస్‌కు ఒక కన్ను లేదు, హింసకులు పీకేశారు. మరొకరి చేతులు ఎర్రగా కాల్చిన ఇనుముతో వాతలు పెట్టడం వల్ల పనికిరాకుండా పోయాయి. యేసు ఎవరు అన్న మాట మీద చర్చించడానికి కూర్చున్నవారు ఏసీ గదుల్లో పండితులు కారు. ఆ నామం కోసం శరీరంలో మచ్చలు మోసినవారు. బోధ అంటే తీరిక ఉన్నవారి వ్యవహారం అనుకునేవారు వారి ముఖాలు ఒకసారి ఊహించుకోవాలి.

కుమారుడు తండ్రితో "ఒకే తత్వం" గలవాడని వారు రాసిపెట్టారు. గ్రీకులో ఆ మాట హోమోఊసియస్. తరువాతి కాలంలో కొందరు రాజీ కోసం "వంటి తత్వం" అందాం అన్నారు, హోమోయిఊసియస్. మధ్యలో అయోటా అనే ఒక చిన్న అక్షరం తేడా. ఒక్క అక్షరం కోసం ఇంత గొడవా అని నవ్వినవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. మన ఇళ్లలో జర్మన్ సిల్వర్ గిన్నెలుంటాయి. వెండిలాగే మెరుస్తాయి, అతిథుల ముందు పెడితే ఎవరికీ తేడా తెలియదు. ఇంట్లో కష్టం వచ్చి తాకట్టు కొట్టుకు తీసుకెళ్లిన రోజున తెలుస్తుంది వెండికీ, వెండి వంటిదానికీ ఎంత దూరమో.

సభ గురించి వాట్సాప్‌లో తిరుగుతున్న ఒక కథను కూడా ఇక్కడే చెప్పాలి. మా యవనస్థులే మాకు దాన్ని మూడుసార్లు పంపారు. యేసు మామూలు మనిషి అనీ, నైసియాలో చక్రవర్తి ఓటింగు పెట్టి ఆయన్ని దేవుణ్ని చేశాడనీ, బైబిల్లో ఏ పుస్తకాలుండాలో కూడా అక్కడే తేల్చారనీ ఆ కథ. 2003లో వచ్చిన డావిన్సీ కోడ్ నవల పుణ్యమా అని ఇది ఊరూరా పాకింది. బైబిలు పుస్తకాల జాబితా నైసియా సభ నిర్ణయించిన విషయమే కాదు. ఇక దేవుణ్ని చేయడం సంగతి చూద్దాం. నైసియా ఉన్నది బితూనియలో. అదే ప్రాంతాన్ని క్రీ.శ. 112 ప్రాంతంలో పాలించిన రోమా అధికారి ప్లినీ, క్రైస్తవులు తెల్లవారకముందే కూడుకొని క్రీస్తును దేవుడన్నట్టుగా కీర్తిస్తున్నారని చక్రవర్తికి ఉత్తరం రాశాడు. సభకు రెండు వందల ఏళ్ల ముందు సంగతి ఇది. పైగా కాన్‌స్టంటైన్ 337లో మరణశయ్య మీద బాప్తిస్మం పొందింది ఆరియస్ పక్షానికి దగ్గరైన ఒక బిషప్పు చేతిమీదుగా. ఆయన కుమారుడు కాన్‌స్టాంటియస్ ఆ పక్షాన్నే బలపరిచాడు. యేసు దైవత్వం రాజుగారి ఆజ్ఞతో వచ్చినదైతే రాజుగారి ఇంట్లోనే దానికి ఇంత ఎదురుగాలి ఎందుకు వీచింది?

ఇప్పుడు మన సంగతి. అమెరికాలో లిగొనీర్ మినిస్ట్రీస్, లైఫ్‌వే రీసెర్చ్ కలిసి 2022లో జరిపిన సర్వేలో, ఇవాంజెలికల్ విశ్వాసులుగా లెక్కకు వచ్చినవారిలోనే 73 శాతం మంది యేసు దేవుడు సృజించిన మొట్టమొదటి, అతి గొప్ప వ్యక్తి అన్న వాక్యంతో ఏకీభవించారు. 43 శాతం మంది ఆయన గొప్ప బోధకుడేగాని దేవుడు కాడన్నారు. ఆరియస్ పేరు ఎన్నడూ విననివారు ఆరియస్ చెప్పిందే చెప్పారు. అమెరికావారి విశ్వాసం చల్లారిపోయిందని మనం తల ఊపనక్కరలేదు. మా బాప్తిస్మపు తరగతిలో యేసు ఎవరు అని అడిగినప్పుడల్లా "దేవుని కుమారుడు" అనే జవాబు వెంటనే వస్తుంది. అంటే ఏమిటి అని రెండో ప్రశ్న వేస్తే గది నిశ్శబ్దం. కాస్త ఆగాక ఎవరో ఒకరు, "దేవుడి తర్వాత ఆయనేనండి" అంటారు. బాప్తిస్మం తీసుకోబోతున్న పిల్లలు వీరు, సండే స్కూల్లో పదేళ్లు కూర్చున్నవారు. తప్పు వారిది కాదు. ఆ పదేళ్లు వారికి బోధించిన మాది.

ఈ లోపు మన గుమ్మం ముందుకు వచ్చి, చక్కటి తెలుగులో, ఓపికగా, నవ్వుతూ కొలొస్సయి 1:15 చూపించేవారున్నారు. అక్కడ యేసును "ఆదిసంభూతుడు" అన్నారు కాబట్టి మొదట పుట్టినవాడని, అంటే సృజించబడినవాడని చెబుతారు. మన విశ్వాసి తలుపు దగ్గర నిలబడి ఏం చెప్పాలో తెలియక మంచినీళ్లిచ్చి పంపుతాడు. జవాబు కష్టమైనది కాదు. కీర్తన 89:27 తెరిస్తే దేవుడు దావీదును జ్యేష్ఠునిగా చేస్తానన్నాడు. దావీదు యెష్షయికి పెద్ద కొడుకా? సమూయేలు ముందు ఏడుగురు అన్నలు నడిచి వెళ్లాక పొలం నుంచి పిలిపించిన చిన్నవాడు. కాబట్టి జ్యేష్ఠుడనే మాట పుట్టిన వరుసను మాత్రమే చెప్పదు, స్థానాన్నీ స్వాస్థ్యపు హక్కునూ చెబుతుంది. ఇక కొలొస్సయిలోనే మరుసటి రెండు వచనాలు చదివితే, ఆకాశమందున్నవైనా భూమి మీద ఉన్నవైనా సమస్తం ఆయన ద్వారానే సృజించబడిందనీ, ఆయన అన్నిటికంటే ముందున్నాడనీ పౌలు తేల్చేశాడు. సమస్తాన్నీ సృజించినవాడు సృష్టి జాబితాలో ఎలా ఉంటాడు? దీన్ని ఇంటింటి ప్రార్థనలో పది నిమిషాల్లో నేర్పవచ్చు. మనం నేర్పలేదు, అంతే.

ఇదంతా వాదన కోసం అనుకునేవారికి మా పరిచర్య తొలి రోజుల్లోని ఒక సంగతి చెప్పాలి. ఒక ఇంట్లో ఆరేళ్ల బిడ్డ జబ్బు చేసి చనిపోయింది. జ్ఞాపకార్థ కూడికకు వచ్చిన ఒక ప్రసంగీకుడు, ఇంట్లో దాచిన పాపమో అవిశ్వాసమో లేకపోతే స్వస్థత ఎందుకు ఆగుతుందని అందరి ముందు అన్నాడు. మేము అక్కడే ఉన్నాం. చిన్నవాళ్లమని, పెద్దాయన మాటకు అడ్డు చెప్పకూడదని నోరు మూసుకున్నాం. ఆ మౌనం ఇప్పటికీ మాకు గుచ్చుకుంటుంది. నెల తర్వాత ఆ తల్లి మందిరం మెట్ల మీద కూర్చుని మమ్మల్ని ఒక ప్రశ్న అడిగింది. "అయ్యగారూ, యేసయ్య మంచివాడని నాకు తెలుసు. లాజరు సమాధి దగ్గర ఆయన ఏడ్చాడు కూడా. ఆయన వెనకున్న దేవుడు ఎలాంటివాడో నాకు అర్థం కావడం లేదు."

ఆమె చదువుకున్నది నాలుగో తరగతి. ఆ ఒక్క ప్రశ్నలో నైసియా అంతా ఉంది. యేసు తండ్రికి వేరైన ఒక గొప్ప సృష్టి మాత్రమే అయితే, ఆయన కన్నీళ్లు ఆయనవే. వాటి వెనక ఉన్న దేవుని మనసు ఏమిటో మనకు తెలియదు. ఆ దేవుడు ఆ ప్రసంగీకుడు చెప్పినట్టే లెక్కలు వేసుకుంటూ కూర్చున్నవాడు కావచ్చు. అలా కాక కుమారుడు తండ్రితో ఒకే తత్వం గలవాడైతే, యేసు వెనక ముఖం తెలియని మరో దేవుడు ఎవరూ లేడు. తనను చూచినవాడు తండ్రిని చూచినట్టేనని ప్రభువు ఫిలిప్పుతో అన్నది ఇదే. లాజరు సమాధి దగ్గర ఏడ్చింది దేవుడే. సెమినరీలో మార్కుల కోసం బట్టీ పట్టిన ఆ గ్రీకు మాట మాకు మొదటిసారి అర్థమైంది ఆ మెట్ల మీద. మేము ఆమెతో, "అమ్మా, యేసయ్య వెనక వేరే దేవుడు లేడు. నువ్వు చూసిన ఆ యేసయ్యే ఆయన" అని మాత్రం చెప్పగలిగాం. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు.

అలెగ్జాండరు వెంట నైసియాకు వెళ్లిన యువ డీకను అథనాసియస్ జీవితమంతా వాదించింది ఇంచుమించు ఇదే. సృజించబడినవాడు మరో సృష్టిని మరణం నుంచి విడిపించలేడు. దేవుడే దిగివస్తేనే రక్షణ. కుమారుడు సృష్టి అయితే ఆయనను ఆరాధించే మనమంతా విగ్రహారాధికులమే. తర్వాత అలెగ్జాంద్రియ బిషప్పుగా ఉన్న 45 ఏళ్లలో ఆయన ఐదుసార్లు దేశబహిష్కారం అనుభవించాడు. మొత్తం సుమారు 17 సంవత్సరాలు. ఒక అక్షరాన్ని వదిలేసి ఉంటే ఇంటి దగ్గరే ఉండేవాడు.

మన మధ్య వినిపిస్తున్న అనేక బోధలు పైకి వేరువేరుగా కనిపించినా మూలంలో ఈ ప్రశ్న దగ్గరికే వస్తాయి. కానుక ఇస్తే దేవుడు కదులుతాడు, ఇవ్వకపోతే కదలడు అని చెప్పే బోధ దేన్ని నమ్ముతోంది? సిలువలో తన్ను తానే ఇచ్చుకున్న దేవుణ్ని కాదు, ఇంకా ఎవరో ఒప్పించవలసిన దేవుణ్ని. తైలం సీసాకూ, ప్రార్థించిన రుమాలుకూ ధర కట్టేవారు అమ్ముతున్నది యేసు వెనక దాక్కున్న ఆ తెలియని దేవుని భయాన్నే. మొన్న సెప్టెంబరులో, 23, 24 తేదీల్లో సంఘం ఎత్తబడుతుందని దక్షిణాఫ్రికా బోధకుడొకరు చెప్పిన వీడియో మన గ్రూపుల దాకా వచ్చింది. ఆ దినం గురించి తండ్రికి తప్ప ఎవరికీ తెలియదని ప్రభువే చెప్పాక తేదీ చెప్పేవాడి మాటకు ఎంత సమయం ఇవ్వాలి? 25వ తేదీన ఎవరూ క్షమాపణ అడిగినట్టు మాకు కనబడలేదు.

పాటల సంగతి మరీ ముఖ్యం. ఆరియస్‌కు తెలిసిన రహస్యం మన స్టూడియోలకు కూడా తెలుసు. ఆదివారం మేము చెప్పే ముప్పావుగంట ప్రసంగం సోమవారానికి మరిచిపోతారు. పాట మాత్రం వారమంతా వంటింట్లో, బస్సులో, నిద్రపోయే ముందు పిల్లల నోట్లో ఉంటుంది. ఈ క్రిస్మస్‌కు వచ్చిన కొత్త పాటలు కొన్ని విన్నాం. రాగాలు బాగున్నాయి, డ్రోన్ షాట్లు బాగున్నాయి. కొన్నింటిలో నా కష్టం, నా ఒంటరితనం, నా విజయం ఉన్నాయిగాని ఆయన ఎవరో, ఎందుకు వచ్చాడో ఒక్క చరణంలోనూ లేదు. మన పాత కీర్తనల పుస్తకంలో సగం కీర్తనలు వేదాంత పాఠాలే. అవి రాసినవారు చదువురాని సంఘాల కోసం రాశారు. గాయకులను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. రాసేముందు పాట కాగితాన్ని ఒక వాక్య బోధకుని చేతిలో పెట్టండి అని మాత్రం వేడుకుంటున్నాం.

విశ్వాస ప్రమాణం చదవని సంఘాలు కూడా మనలో ఉన్నాయి. మన బాప్టిస్టు, పెంతెకొస్తు సహోదరులు ఆరాధనలో దాన్ని పలకరు, లేఖనమే చాలునంటారు. మాకు దానితో తగాదా లేదు. 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం అపొస్తలుల ప్రమాణాన్నీ, నైసియా ప్రమాణాన్నీ తన ఐక్యతకు పునాదిలో పెట్టుకుంది. అయినా ఆ సంఘాల్లో ఎంతమంది దాన్ని రైలు తప్పిపోతున్నట్టు గబగబా అప్పగించి కూర్చోవడం లేదు? పలకడం, పలకకపోవడం అసలు సంగతి కాదు. ఒంగోలులో జాన్ క్లౌ దొరగారు చేసింది చూడండి. 1876-78 మహా కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని, కూలి ఇప్పించారు. బాప్తిస్మం కావాలని జనం గుంపులుగా వచ్చారు. ఏడాదికి పైగా ఆయన ఇవ్వలేదు. కూలి కోసం, అన్నం కోసం వచ్చినవారు ఎవరో, ప్రభువును ఎరిగి వచ్చినవారు ఎవరో తేలాలని ఆగారు. సహాయ పనులు ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఆరుగురు బోధకులు, ఒక్కో వేళకు ఇద్దరి చొప్పున దిగి, ఒకే రోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ సంఖ్యను మనం గొప్పగా చెప్పుకుంటాం. ఆగిన ఆ నెలల్ని ఎవరూ చెప్పుకోరు. ఈనాడు మేము బాప్తిస్మపు తరగతిని రెండు శనివారాలకు కుదించి, మిగతాది ఫారం నింపడంతో సరిపెడుతున్నాం.

ఇంత చెప్పాక ఒక భయాన్ని కూడా దాచకూడదు. హితబోధ అనే మాటను కర్రలాగా తిప్పేవారు ఎక్కువయ్యారు. యూట్యూబ్‌లో త్రిత్వం మీద తెలుగు డిబేట్లు కొన్ని చూశాం. కుమారుని ఘనత కోసం మొదలుపెట్టి, పదో నిమిషానికి ఎదుటివాని పుట్టుక దాకా వెళ్తున్నారు. అన్యులు ఆ వీడియోల కింద నవ్వుకుంటున్నారు. నాలుగో శతాబ్దంలో కాన్‌స్టాంటినోపుల్‌లో రొట్టె ధర అడిగితే కూడా తండ్రి గొప్పా కుమారుడు గొప్పా అని చర్చ పెట్టేవారని నిస్సా గ్రెగొరీ విసుక్కున్నాడు. ఆ విసుగు మాకు అర్థమైంది. నైసియా తీర్పు వెనక చక్రవర్తి దండం ఉంది, ఆరియస్‌నూ, సంతకం చేయని ఇద్దరు లిబియా బిషప్పులనూ దేశం నుంచి వెళ్లగొట్టారు. తర్వాత అదే దండం అథనాసియస్ మీదకు తిరిగింది. సత్యానికి రాజు కర్ర అవసరమని మాకు అప్పుడూ ఇప్పుడూ అనిపించలేదు. ఆ అథనాసియసే 362లో అలెగ్జాంద్రియలో సమావేశం పెట్టి, వేరే మాటలు వాడుతున్నా అదే విశ్వాసం ఉన్నవారిని పిలిచి, వారి మాటల వెనక అర్థం అడిగి, సహోదరులుగా చేర్చుకున్నాడు. అంతటి పోరాటయోధుడు ముందుగా అడిగి వినడం నేర్చుకున్నాడు. మన డిబేట్లలో లోపించింది అదే.

ఇక ఆహ్వాన పత్రికల దగ్గరికి వద్దాం. ముఖ్య అతిథులు వేదిక ఎక్కి యేసుక్రీస్తు ప్రేమకూ శాంతికీ ప్రతిరూపమనీ, మానవజాతికి గొప్ప మార్గదర్శి అనీ చెబుతారు. వారిని మేము తప్పుపట్టం. పిలిస్తే వచ్చారు, తమకు తెలిసినంతలో గౌరవంగా మాట్లాడారు. మా ప్రశ్న వారి తర్వాత మైకు అందుకునే మాలాంటి సేవకులకు. అతిథి చెప్పినదానికంటే ఒక్క మాట ఎక్కువ చెబుతున్నామా? ఆ అతిథి మాటకూ ఆరియస్ మాటకూ మధ్య చూస్తే, ఆరియస్సే యేసును ఎక్కువ గౌరవించాడు. మనం చప్పట్లు కొట్టి కేకు పంచితే, ముందు వరుసలో కూర్చున్న పిల్లలు ఆయన గొప్ప మనిషి అనే ఇంటికి వెళ్తారు.

ఈ నెల 21న మా మందిరంలోనూ సెమీ క్రిస్మస్ ఉంది. అతిథిగారు వస్తున్నారు. కమిటీవారు వాక్యానికి పదిహేను నిమిషాలు అడిగితే ఐదు ఇచ్చారు, బేరమాడితే ఏడయ్యింది. అందులో రెండు నిమిషాలు సండే స్కూలు పిల్లలకు వదిలేశాం. నైసియా విశ్వాస ప్రమాణాన్ని వారు నెల నుంచి నేర్చుకుంటున్నారు. మొన్న శనివారం సాధనలో మూడో తరగతి పిల్లవాడొకడు చెయ్యెత్తి, "తత్వం అంటే ఏంటి అయ్యగారూ?" అని అడిగాడు. టీచరమ్మ మా వైపు చూసింది. మేము కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుని, జర్మన్ సిల్వర్ గిన్నె సంగతితో మొదలుపెట్టాం.